దైనందిన జీవితంలో విశ్వాస పాఠాలను గుర్తించడం: ఆచరణాత్మక మార్గదర్శి

ఆదివారం ఆరాధనలో విన్న వాక్యానికీ, సోమవారం ఉదయం మొదలయ్యే పనులకూ మధ్య సంబంధమేమీ కనిపించడం లేదని చాలామంది విశ్వాసులు అంటుంటారు. మరికొందరి తీరు దీనికి పూర్తిగా భిన్నం. బస్సు తప్పిపోయినా, ఫోను పాడైనా, ఎన్నాళ్లుగానో కనబడనివారు ఎదురుపడినా, దాని ద్వారా దేవుడు తమతో ఏదో చెబుతున్నాడని వారు అక్కడికక్కడే తేల్చేసుకుంటారు. మొదటివారు చూడరు, రెండవవారు చూడకముందే అర్థం చెప్పేస్తారు. ఈ మార్గదర్శి ఇద్దరినీ ఉద్దేశించి రాసినదే. ఒక సంఘటనకు ఏదో ఒక వచనాన్ని అతికించినంత మాత్రాన విశ్వాస పాఠం దొరకదని, జరిగినదానిని ఉన్నదున్నట్టు చూసి, దానిని వాక్యం ఎదుట నిలిపి, ఇతరులకంటే ముందు మనల్ని మనం దిద్దుకున్నప్పుడే దొరుకుతుందని చెప్పడమే దీని ఉద్దేశం.

ఇందుకు చక్కని నమూనా సామెతలు 24వ అధ్యాయంలో, 30 నుండి 34 వరకు ఉన్న ఐదు వచనాలలో ఉంది. ఒక జ్ఞాని సోమరివాని చేను పక్కగా నడిచి వెళ్తాడు. అంతటా ముండ్లతుప్పలు పెరిగి ఉన్నాయి, నేలను దురదగొండ్లు కప్పేశాయి, రాతిగోడ పడిపోయి ఉంది. ఆయన అది చూశాడు, ఆలోచించాడు, దాని నుండి బుద్ధి తెచ్చుకున్నాడు. అక్కడ ఆయనకు దర్శనం కలగలేదు, ఆకాశం నుండి స్వరం వినబడలేదు. ఎవరైనా చూడగలిగిన చేనునే ఆయనా చూశాడు, కానీ ఆగి చూశాడు. చేను యజమానిని పిలిచి ప్రసంగం చేసినట్టు కూడా ఆ భాగంలో లేదు. కింద చెప్పిన మెట్లన్నీ ఈ ఐదు వచనాలలో ఉన్న క్రమాన్ని విడమరచి చెప్పినవే.

మొదటి మెట్టు: సంఘటనకంటే ముందే వాక్యం మీలో ఉండాలి

లూకా 24వ అధ్యాయంలో ఎమ్మాయుకు నడిచి వెళ్తున్న ఇద్దరు శిష్యులను గమనించండి. యేసు సిలువ వేయబడిన సంగతి, సమాధి ఖాళీగా ఉన్న సంగతి, స్త్రీలు చెప్పిన సాక్ష్యం, అన్నీ వారికి తెలుసు. దారిలో కలిసిన వ్యక్తికి ఆ వివరాలను వరుసగా, పొరపాటు లేకుండా చెప్పారు కూడా. అయినా వారి ముఖాలు దుఃఖంతోనే ఉన్నాయి, ఎందుకంటే జరిగినవన్నీ తెలిసినా వాటి అర్థం వారికి తెలియలేదు. మోషే మొదలుకొని ప్రవక్తలందరి లేఖనాలనూ ఆయన వివరించిన తరువాత, బల్ల దగ్గర రొట్టె విరిచినప్పుడు వారి కన్నులు తెరవబడ్డాయి. లేఖనం ముందు, గుర్తుపట్టడం తరువాత. ఈ వరుస తారుమారైతే, మన అనుభవమే లేఖనానికి అర్థం చెప్పడం మొదలుపెడుతుంది.

కాబట్టి రోజుకొక విడి వచనంతో సరిపెట్టుకోకుండా, ఒక గ్రంథాన్ని మొదటి నుండి చివరి వరకు వరుసగా చదవండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి నా సలహా యాకోబు పత్రిక. దానిలో ఉన్నవి ఐదు అధ్యాయాలే, అయినా నాలుక, కోపం, ధనవంతుల పట్ల పక్షపాతం, రేపటి గురించి గొప్పగా వేసుకునే ప్రణాళికలు, ఆపివేసిన కూలి, ఓర్పు, రోగం, ప్రార్థన, ఇలా రోజూ ఎదురయ్యే విషయాలే అందులో నిండి ఉన్నాయి. ఆ తరువాత లూకా సువార్త చదవవచ్చు. అందులో 24 అధ్యాయాలు ఉన్నాయి కనుక, రోజుకొకటి చొప్పున చదివితే నెల తిరక్కముందే పూర్తవుతుంది. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు ఉండడం వల్ల తేదీని బట్టి చదువుకునే అలవాటు చాలామందికి ఉంది, అది మంచి అలవాటే.

రెండవ మెట్టు: రోజును వెనుదిరిగి చూడడానికి ఒక వేళ పెట్టుకోండి

యేసు సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా (1491–1556) రోజును పరిశీలించుకునే ఒక ప్రార్థనా క్రమాన్ని నేర్పాడు. పొందిన మేలులకు కృతజ్ఞత చెప్పడం, తన్ను తాను చూసుకోవడానికి వెలుగు ఇమ్మని దేవుణ్ణి అడగడం, గడచిన గంటలను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకోవడం, తప్పులకు క్షమాపణ వేడుకోవడం, రేపటికి ఒక తీర్మానం చేసుకోవడం అనే ఐదు భాగాలు అందులో ఉన్నాయి. ఆయన కథోలిక సంఘానికి చెందినవాడైనా, ఈ క్రమాన్ని ఏ సంఘానికి చెందినవారైనా నిరభ్యంతరంగా పాటించవచ్చు. ఇందులో కృతజ్ఞత మొదట ఉండడం చాలా ముఖ్యమైన సంగతి. తప్పులతో మొదలుపెట్టినవారికి రోజంతా తప్పులే కనిపిస్తాయి, దేవుడు చేసిన మేలు ఒక్కటీ గుర్తుకు రాదు. ఆయన ఉపకారాలలో దేనినీ మరువవద్దని 103వ కీర్తన మన ప్రాణానికే ఆజ్ఞాపించడం ఊరికే కాదు.

రాత్రి వేళ అందరికీ కుదరకపోవచ్చు. అలాంటివారు ఉదయాన్నే నిన్నటి రోజును గుర్తు చేసుకోవచ్చు. పది పదిహేను నిమిషాలు చాలు, అయితే ఆ సమయంలో ఫోను చేతికి అందనంత దూరంలో ఉండాలి. 17వ శతాబ్దంలో పారిస్ నగరంలోని ఒక కార్మెలైట్ మఠంలో వంటపని చేసి, తరువాత చెప్పులు బాగుచేసే పనిలో ఉన్న బ్రదర్ లారెన్స్, ప్రార్థనకు కేటాయించిన వేళల్లోనే కాక గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుని సన్నిధిని గుర్తుంచుకోవడాన్ని సాధన చేశాడు. ఆ స్థాయికి చేరుకోవాలనుకోవడం మంచిదే, కానీ మొదలుపెట్టేవారికి ఒక నిర్ణీత వేళ, ఒక నోటుపుస్తకం ఎక్కువగా ఉపయోగపడతాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని, తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. అప్పుడు దేవదూత అతనికి పాఠమేమీ చెప్పలేదు. అతడు నిద్రపోయాడు, దూత లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, అతడు మళ్లీ పడుకున్నాడు, దూత మళ్లీ లేపి తినమన్నాడు. హోరేబు కొండ, అక్కడ వినబడిన మెల్లని స్వరం, ఇవన్నీ ఆ తరువాతే. అలసిపోయి కన్నులు మూతపడుతున్న రాత్రి నోటుపుస్తకం తెరవకండి, పడుకోండి.

మూడవ మెట్టు: జరిగినది జరిగినట్టు రాయండి

రోజు మొత్తం మీద మనసు మళ్లీ మళ్లీ తిరిగి వెళ్లే సంఘటన ఒక్కటి ఎంచుకోండి. అది పెద్దదై ఉండనక్కరలేదు. మీకు కోపం, అసూయ, సిగ్గు, భయం, ఊహించని సంతోషం, వీటిలో ఏది కలిగినా, దాని వెనుక చూడదగినది ఏదో ఉంటుంది. దానిని నాలుగైదు వాక్యాలలో, ఎవరి మీదా తీర్పు లేకుండా రాయండి.

ఒక తల్లి రాసుకున్న పేజీ ఇలా ఉందని అనుకుందాం: “సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పాప ఎదురు రాలేదు. గదిలో తెర వెనుక నిలబడి ఉంది. తెర కింద గాజుగ్లాసు ముక్కలు కనిపించాయి. ఎవరు పగలగొట్టారని గట్టిగా అడిగాను. ‘నేను కాదమ్మా, తమ్ముడు’ అంది. వాడు అప్పటికి నిద్రపోతున్నాడు. నేను అరిచాను, అది ఏడ్చింది.” ఇందులో “పాప అబద్ధాలకు అలవాటు పడుతోంది” అనే వాక్యం లేదు, “ఈ ఇంట్లో నాకు మనశ్శాంతి లేదు” అనే వాక్యమూ లేదు. అవి రెండూ ఆమె మనసులో మెదిలి ఉండవచ్చు, కానీ అవి జరిగిన సంగతులు కావు, వాటికి ఆమె చెప్పుకున్న అర్థాలు. వాటిని రాయాలనిపిస్తే పక్కన వేరుగా రాసుకోవాలి.

ఈ మెట్టును చాలామంది తేలికగా తీసుకుని దాటేస్తారు. నిజానికి మొత్తం పనిలో కష్టమైనది ఇదే. మార్కు 12వ అధ్యాయంలో యేసు కానుకపెట్టె ఎదుట కూర్చుండి, జనులు డబ్బులు ఎలా వేస్తున్నారో చూస్తున్నాడని ఉంది. ధనవంతులు చాలామంది విస్తారంగా వేశారు, ఒక బీద విధవరాలు రెండు కాసులు వేసింది. శిష్యులు కూడా ఆ దేవాలయంలోనే ఉన్నారు, కానీ ఆయన పిలిచి చూపించేవరకు ఆ రెండు కాసుల సంగతి వారికి పట్టినట్టు కనిపించదు.

నాల్గవ మెట్టు: వాక్యభాగాన్ని దాని సందర్భంతో సహా తెచ్చుకోండి

ఇప్పుడు రాసుకున్న సంఘటనకు దగ్గరగా ఉన్న లేఖనభాగం ఏదని ఆలోచించండి. మీరు వరుసగా చదువుతున్న గ్రంథంలోనే అది దొరికితే అన్నిటికంటే మేలు. లేకపోతే పదసూచిక గానీ, ఫోనులోని బైబిలు యాప్‌లో ఉన్న వెతికే సదుపాయం గానీ వాడవచ్చు. అలా దొరికిన వచనాన్ని మాత్రం ఒంటరిగా తీసుకోకూడదు. కనీసం ఆ అధ్యాయమంతా చదివిన తరువాతే ముందుకు వెళ్లాలి.

ఇది ఎందుకు అవసరమో యిర్మీయా 18వ అధ్యాయం చూపిస్తుంది. దేవుడు ప్రవక్తను కుమ్మరి ఇంటికి వెళ్లమన్నాడు. కుమ్మరి చేస్తున్న పాత్ర అతని చేతిలో చెడిపోయింది, అదే మట్టితో అతడు మరొక పాత్ర చేశాడు. మన ప్రసంగాలలో, పాటలలో ఈ భాగం సాధారణంగా ఓదార్పుగానే వినిపిస్తుంది. నా జీవితం చెడిపోయినా దేవుడు మళ్లీ చేస్తాడు అనే మాట అబద్ధం కాదు. అయితే 6వ వచనం మొదలుకొని చదివితే, ఆ మట్టి ఇశ్రాయేలు ఇంటివారు. కీడు చేయడం మానుకున్న జనానికి దేవుడు తలపెట్టిన శిక్షను మానుకుంటాడు, కీడు చేసే జనానికి చేస్తానన్న మేలును మానుకుంటాడు. 12వ వచనంలో ఆ ప్రజలు, మా ఆలోచనల ప్రకారమే మేము నడుస్తామని జవాబిస్తారు. తరువాతి అధ్యాయంలో ప్రవక్త మట్టి కూజాను వారి కన్నుల ఎదుటే పగలగొడతాడు, అది ఇక బాగుచేయ సాధ్యం కానిది. ఓదార్పుతో పాటు గట్టి హెచ్చరిక ఉన్న భాగంలో నుండి ఓదార్పును మాత్రమే తీసుకుంటే, మనకు దొరికింది సగం పాఠమే. 2 తిమోతి 3:16 లేఖనానికి ఉన్న ఉపయోగాలను ఉపదేశించడం, ఖండించడం, తప్పు దిద్దడం, నీతియందు శిక్షణ ఇవ్వడం అని నాలుగుగా చెబుతుంది. మీ నోటుపుస్తకంలో గత నెల రాసుకున్న పాఠాలన్నీ ఓదార్పులే అయితే, ఈ నాలుగింటిలో కొన్నిటికి తలుపు మూసుకున్నారేమో చూసుకోవాలి.

గాజుగ్లాసు సంఘటనకు తిరిగి వద్దాం. దాక్కోవడం, భయపడడం, నేరాన్ని మరొకరి మీదకు నెట్టడం, ఈ మూడూ వరుసగా కనిపించే చోటు ఆదికాండము 3వ అధ్యాయం. ఆదాము, హవ్వ చెట్ల మధ్య దాగుకున్నారు, భయపడ్డానని ఆదాము అన్నాడు, తరువాత స్త్రీని చూపించాడు, స్త్రీ సర్పాన్ని చూపించింది. ఇక్కడి వరకు ఎవరికైనా తడుతుంది. అధ్యాయాన్ని నిదానంగా చదివితే మరొకటి కనిపిస్తుంది. తీర్పు పలకకముందు దేవుడు వారిని నాలుగు ప్రశ్నలు అడిగాడు: నీవు ఎక్కడ ఉన్నావు, నీవు దిగంబరివని నీకు ఎవరు తెలిపారు, తినవద్దన్న చెట్టు ఫలం తిన్నావా, నీవు చేసినది ఏమిటి. జరిగినది ఆయనకు ముందే తెలుసు. అయినా వారు తమ నోటితో చెప్పడానికి వారికి అవకాశం ఇచ్చాడు. తీర్పు తరువాత కూడా, తోట నుండి పంపివేయకముందు, చర్మపు చొక్కాయిలు చేయించి వారికి తొడిగించాడు.

ఐదవ మెట్టు: పాఠాన్ని ముందు మీ వైపు తిప్పుకోండి

దావీదు చేసిన పాపాన్ని ఖండించడానికి వచ్చిన నాతాను ప్రవక్త, ఒక ధనవంతుడు ఒక పేదవాని గొఱ్ఱెపిల్లను తీసుకున్న కథ చెప్పాడు. దావీదు మండిపడి, ఆ మనిషి చావదగినవాడు అన్నాడు. “ఆ మనుష్యుడవు నీవే” అని నాతాను అనేవరకు, ఆ కథ తనదేనని రాజుకు తట్టలేదు (2 సమూయేలు 12). ఎదుటివారి తప్పు మీద మనకు వచ్చే కోపంలో ఎంత స్పష్టత ఉంటుందో, మన విషయానికి వచ్చేసరికి అంత మసక ఉంటుంది.

కాబట్టి ఆ తల్లి వెంటనే “పాపకు ఆదికాండము 3 చదివి వినిపించి బుద్ధి చెప్పాలి” అని రాసుకుంటే, పాఠం ఇంకా ఆమె దగ్గరకు రాలేదన్నమాట. ఆమె తనను తాను అడుగవలసినవి వేరు. నేను దేవుని ముందు ఏది తెర వెనుక దాచాను? తప్పు నాదని తెలిసీ ఈ వారంలో ఎవరిని చూపించాను? నా కేక విన్న పిల్ల, రేపు ఇంతకంటే పెద్ద తప్పు జరిగితే నా దగ్గరకు వస్తుందా, ఇంకా దూరంగా దాక్కుంటుందా? ఈ మూడవ ప్రశ్న దగ్గర పాఠం నిజంగా మొదలవుతుంది. పిల్లకు నిజం చెప్పడం నేర్పవలసిన పని అలాగే ఉంటుంది, కానీ ఆ పనిని ఇప్పుడు ఆమె మారిన మనసుతో చేస్తుంది.

ఆరవ మెట్టు: ఎక్కడ ఆగాలో తెలుసుకోండి

ఈ మార్గదర్శిలో నేను అన్నిటికంటే ఎక్కువగా నొక్కి చెప్పదలచినది ఈ మెట్టే. రోగం, మరణం, ప్రమాదం, నష్టం వంటివి ఎదురైనప్పుడు వాటికి వెంటనే కారణం చెప్పడం విశ్వాసమని చాలామంది అనుకుంటారు. లేఖనాలు మాత్రం ఆ అలవాటును పదే పదే అడ్డగిస్తాయి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు యెరూషలేములో నివసించే మిగిలినవారందరికంటే ఎక్కువ అపరాధులని తలంచుచున్నారా అని అడిగి, కాదని యేసే జవాబిచ్చాడు (లూకా 13). ఆ వెంటనే ఆయన శ్రోతలవైపు తిరిగి, మారుమనస్సు పొందవలసింది మీరు అన్నాడు. పుట్టు గుడ్డివాని విషయంలో ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీని కన్నవారూ కాదన్నాడు (యోహాను 9). యోబు కష్టాలకు అతని పాపమే కారణమన్న అతని స్నేహితులు దేవుని పక్షాన మాట్లాడుతున్నామని అనుకున్నారు, చివరకు దేవుని కోపం వారి మీదే రగులుకొంది.

అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో దీనికి ఒక విచిత్రమైన ఉదాహరణ ఉంది. ఓడ బద్దలై మెలితే (నేటి మాల్టా) ద్వీపానికి చేరిన పౌలు, పుల్లలు ఏరి నిప్పుల మీద వేస్తుండగా ఒక సర్పం అతని చెయ్యి పట్టుకుంది. సముద్రం నుండి తప్పించుకున్నా న్యాయం ఇతన్ని బ్రతకనివ్వలేదు, ఇతడు నరహంతకుడు అని ఆ ద్వీపవాసులు అన్నారు. ఎంతసేపు చూసినా అతనికి హాని కలగకపోయేసరికి, ఇతడు దేవత అన్నారు. వారు చెడ్డవారు కారు, వానలో, చలిలో తడిసి వచ్చిన అపరిచితులకు నిప్పు రాజేసి ఆదరించినవారు. అయినా ఒకే సంఘటనకు కొద్ది సమయంలో రెండు వివరణలు ఇచ్చారు, రెండూ తప్పే. పౌలు మాత్రం ఆ పామును నిప్పులో జాడించి వేశాడు.

కొన్ని సంగతుల అర్థం తెలియడానికి ఏళ్లు పడుతుంది. యోసేపు పదిహేడేళ్ల వయసులో పశువుల మేపకంలో ఉండగా కథ మొదలవుతుంది, ముప్పై ఏళ్లకు ఫరో ఎదుట నిలిచాడు. ఏడేళ్ల సమృద్ధి, రెండేళ్ల కరవు గడిచాక, తనను బానిసగా అమ్మేసిన సహోదరులతో, ప్రాణరక్షణ కొరకు దేవుడు నన్ను మీకు ముందుగా పంపించాడని చెప్పాడు. అంటే అమ్ముడుపోయిన నాటి నుండి ఇరవై ఏళ్లకు పైబడిన మాట. చెరసాలలో ఉన్నప్పుడు అతడు పానదాయకుల అధిపతిని కోరింది తనను అక్కడి నుండి బయటికి రప్పించమని మాత్రమే, ఆ కష్టానికి అర్థం చెప్పే ప్రయత్నం అప్పుడు చేయలేదు. మీ నోటుపుస్తకంలో కొన్ని పేజీలకు పాఠం దొరకకపోతే, అక్కడ తేదీ వేసి, జరిగినది రాసి, ఒక ప్రార్థన రాసి వదిలేయండి. ఖాళీ ఉండడం అవిశ్వాసం కాదు.

ఏడవ మెట్టు: ఒక్క పని, ఒక్క రోజులో

వాక్యాన్ని విని దాని ప్రకారం చేయనివాడు అద్దంలో ముఖం చూసుకుని వెళ్లి, తాను ఎలా ఉన్నాడో వెంటనే మరచిపోయేవాడని యాకోబు అంటాడు. ప్రేమగా ఉండాలి, ఓపిక పెంచుకోవాలి అనే తీర్మానాలు ఇలాగే మరుగున పడతాయి. రేపు సాయంత్రానికి చేశానో లేదో చెప్పగలిగినంత చిన్న పనిని రాసుకోండి.

మీరు చేసిన పనిని ఒక సహోద్యోగి సమావేశంలో తనదిగా చెప్పుకున్నాడని అనుకుందాం. మత్తయి 18లోని ఉపమానం గుర్తుకు వస్తుంది. పదివేల తలాంతుల అప్పు మాఫీ అయిన దాసుడు నూరు దేనారాల కోసం తోటిదాసుని గొంతు పట్టుకున్నాడు. ఒక దేనారం ఒక దినకూలి, ఒక తలాంతు సుమారు ఆరువేల దేనారాలు. ఆ లెక్కన అతనికి మాఫీ అయినది, అతడు మాఫీ చేయనిదానికి ఆరు లక్షల రెట్లు. ఈ తేడా మనసుకు ఎక్కాక కోపం ఉన్నచోటే ఉండడం కష్టం. అయితే క్షమించడమంటే నోరు మూసుకోవడమేనా? అదే అధ్యాయం 15వ వచనం, తప్పు చేసిన సహోదరుని దగ్గరకు ఒంటరిగా వెళ్లి ఆ తప్పును అతనికి తెలియజేయమంటుంది. కాబట్టి రేపటి పని ఇది: ఆ సంగతి నలుగురికీ చెప్పకముందే అతన్ని పక్కకు పిలిచి, నెమ్మదిగా, నేరుగా మాట్లాడాలి. అధ్యాయమంతా చదవనివారికి ఈ రెండవ సగం దొరికేది కాదు.

ఎనిమిదవ మెట్టు: పంచుకునేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

దొరికిన పాఠాన్ని సాక్ష్యంగా చెప్పాలనిపించడం సహజమే. మీ సంఘటనలో మరొకరు ఉంటే వారి అనుమతి లేకుండా చెప్పకండి, గుంపులో పేరు తీయకపోయినా వారెవరో తెలిసిపోతుంది. దుఃఖంలో ఉన్నవారి దగ్గరకు పాఠంతో వెళ్లకండి. ఏడ్చువారితో ఏడ్వమని రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం చెబుతుంది, అక్కడ చేయవలసింది అంతే. మీకు దొరికిన అన్వయాన్ని “దేవుడు నాతో చెప్పాడు” అని కాక, “ఈ వాక్యం చదివినప్పుడు నాకు ఇలా అర్థమైంది” అని చెప్పండి. అప్పుడు వినేవారికి దానిని పరీక్షించే వీలు ఉంటుంది. బెరయ పట్టణంవారు పౌలు చెప్పిన మాటలను సైతం లేఖనాలతో సరిచూసుకున్నారు.

పిల్లలతో పద్ధతి కొంచెం వేరు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమని ద్వితీయోపదేశకాండము 6 చెబుతుంది. అంటే ప్రతి సంఘటన చివరా ఒక చిన్న ప్రసంగం పెట్టమని కాదు. యొర్దాను నదిలో నుండి తెచ్చిన పన్నెండు రాళ్లను నిలబెట్టినప్పుడు, ఇవెందుకని పిల్లలు అడుగుతారని, అప్పుడు చెప్పమని యెహోషువ అన్నాడు. పిల్లలు అడిగేవరకు ఆగండి, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పండి.

నెలకొకసారి పాత పేజీలను తిరగేయండి. ఏ కోపం మళ్లీ మళ్లీ వచ్చింది, ఏ పని ఎన్నిసార్లు రాసి కూడా చేయలేదు, ఏ ప్రార్థనకు జవాబు వచ్చినా గమనించలేదు అన్నవి చూడండి. ఒకే విషయం వదలకుండా కనిపిస్తుంటే, దానిని మీ సంఘ కాపరితో గానీ, నమ్మదగిన పెద్దలతో గానీ మాట్లాడండి. అప్పట్లో రాసుకున్న ఒక పాఠం ఇప్పుడు సందర్భంతో చదివితే తప్పని తేలితే, ఆ పేజీని చింపేయకుండా, పక్కన ఈనాటి తేదీ వేసి సవరణ రాయండి.